ఒకే రాయి రెండుసార్లు

బెర్గెన్, అక్టోబర్ 2

ప్రియమైన సిగ్నెకి,

నీకు ఫోన్‌లో సరిగ్గా వినపడదు కాబట్టి రాస్తున్నాను. ఐలిఫ్ లేడన్న మాట ఇంకా నా నోటికి రావడం లేదు. నలభై ఏళ్ళు ఆ కొండల్లో గొర్రెలు కాసినవాడు, కళ్ళకు గంతలు కట్టినా దారి చెప్పగలవాడు, మందను దింపుకురావడానికి వెళ్ళి తిరిగి రాకపోవడమేమిటే! కుక్క ఒక్కటే తడిసి ముద్దై ఇల్లు చేరిందట. ఉత్తరపు వాగులో కొట్టుకుపోయి ఉంటాడని తేల్చి వెతుకులాట ఆపేశారట.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, అదే నన్ను తినేస్తోంది. రోండానె జాతీయ పార్కు అంచున కారు నడుపుకుంటూ, నచ్చిన చోటల్లా ఆపి ఫోటోలు తీసుకుంటూ, సాయంత్రానికి మీ ఇంటికి చేరాను. గుమ్మంలోనే అడిగావు, "దారిలో మా ఆయన కనిపించాడా?" అని. "ఎవరూ కనబడలేదే" అన్నాను. కాసేపు కూర్చుని, చీకటి పడకముందే బయలుదేరిపోయాను.

ఆ రోజు తీసినవాటిలో దక్షిణపు కొండ ఫోటో బాగా కుదిరింది. పెద్దదిగా వేయించి పంపుతున్నాను. ఆయన చూసిన చివరి ఎండ అది. నీ గోడ మీద ఉంటే బాగుంటుంది.

వేళకి తిను. కాఫీతో కడుపు నింపుకోకు.

నీ రాగ్ని

*

మోర్క్‌దాల్, అక్టోబర్ 8

ప్రియమైన రాగ్నీ,

ఫోటో చేరింది. నువ్వు రిటైరయ్యాక కెమెరా మెడలో వేసుకుని తిరుగుతుంటే "ఈవిడకిదో పిచ్చి" అని ఐలిఫ్ ఎగతాళి చేసేవాడు. ఈ ఫోటో చూసుంటే నోరు మూసుకునేవాడు.

ఒక్క సంగతి మాత్రం మింగుడుపడటం లేదు. ఆ కొండ మీద మా పెద్ద రాయి ఉంది, వానొస్తే గొర్రెలు దాని కింద దూరతాయి. నీ ఫోటోలో దాని పక్కనే అచ్చం అలాంటిదే ఇంకొకటుంది. అదే పగులు, అదే పసుపు పాచి. రాళ్ళు కవలల్ని కనవు కదే. పొరుగింటి హాల్వార్‌ని పిలిచి చూపించాను.

"వదినా, ముందు మీరు కళ్ళద్దాలు మార్చండి," అని నవ్వాడు. తర్వాత తనే గోడకు ముక్కు ఆనించి చూసి, నవ్వడం మానేశాడు. "అవును సుమా! ఇదెక్కడి రాయి?"

అక్కడున్నది ఒక్కటే రాయి. ఆ రెండోదాని చోట నిజంగా ఏముందో చెప్పు.

నీ సిగ్నె

*

బెర్గెన్, అక్టోబర్ 11

ప్రియమైన సిగ్నె,

ఈ ఉత్తరం కంటే ముందే పోలీసులు మీ ఇంటికి వచ్చి ఉంటారు. ఫోటోలన్నీ పొద్దున్నే వాళ్ళకు పంపేశాను.

ఆ రెండో రాయి నేను అతికించిందే. అక్కడ ఒక ఎర్ర చుక్క ఉండేది. కొండల ఫోటోల్లో మనిషి చుక్క పడితే మాకు కంట్లో నలుసే. ఎవరో టూరిస్టు అనుకున్నాను. కంప్యూటర్‌లో పక్కనున్న రాయిని తెచ్చి దాని మీద కప్పేశాను. పోటీలకు పంపే ప్రతి ఫోటోకీ చేసే పనే. చెరిపేయాలని అనుకున్న క్షణంలోనే ఆ మనిషి నా మనసులోంచి పోతాడు. అందుకే నువ్వడిగినప్పుడు ఎవరూ కనబడలేదన్నాను. అబద్ధం ఆడాలని కాదే, నా లెక్కలో అక్కడ నిజంగానే ఎవరూ లేరు.

నీ ఉత్తరం చదివి, చెరపని ఫోటోలు తెరిచి పెద్దవి చేసి చూశాను. ఎర్ర చొక్కా. పక్కన నల్లటి మచ్చ, అది కుక్క. టూరిస్టులకు గొర్రెల కుక్కెందుకుంటుంది సిగ్నె?

ఆరు ఫోటోలు తీశాను. సమయం నాలుగూ నలభై. మొదటి నాలుగింటిలో రాయికి ఆనుకుని, రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు. రోడ్డు మీద నా కారు ఒక్కటే ఉంది. నన్నే పిలుస్తున్నాడు. కిలోమీటరు పైగా దూరం, గాలి, ఏం వినపడుతుంది? నేనేమో "కదలవేంటయ్యా బాబూ, వెలుగు పోతోంది!" అని విసుక్కుంటూ, ఆయన తప్పుకుంటాడని పది నిమిషాలు కాచుకున్నాను. అయిదో ఫోటోలో కూలబడి ఉన్నాడు. చుక్క చిన్నదైందని సంతోషించి ఆరోది తీశాను. నీకు పంపింది అదే.

నన్ను క్షమించమని ఏ మొహంతో అడగను?

రాగ్ని

*

మోర్క్‌దాల్, అక్టోబర్ 16

ప్రియమైన రాగ్నీ,

దొరికాడు. ఆ రాయి కిందే. కాలు విరిగి, గొర్రెలు పడుకునే చోట పడుకుని ఉన్నాడు. కుక్కను తనే ఇంటికి తరిమి ఉంటాడు, అది దక్షిణపు ఊబి దాటుకుంటూ తడిసి వచ్చింది. కనీసం ఒక రాత్రి, ఒక పగలు బతికే ఉన్నాడని డాక్టరు చెప్పింది. విన్నప్పుడు నాకు ఏడుపు కూడా రాలేదు.

నీ మీద కోపం ఉందా అంటే, ఉంది. రెండు రోజులు నీ పేరు ఎత్తి తిట్టాను. మూడో రోజు తిట్టలేకపోయాను. ఎందుకో విను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నన్నడక్కుండా మందను అమ్మడానికి ఒప్పుకున్నాడని ఆ వారం మేం మాట్లాడుకోవడం లేదు. నువ్వొచ్చే ముందు మూడు రోజులుగా ఇంట్లో మాటల్లేవు. కొండెక్కేవాడు ఎటు పోతున్నాడో ఇంట్లో చెప్పి పోవాలని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. ఐలిఫ్ ఆ నియమం ఎన్నడూ తప్పలేదు. నోటితో చెప్పే వీల్లేదు కదా, కాగితం మీద రాసి నా కప్పు కింద పెట్టి వెళ్ళాడు. నేను దాన్ని చూశాను. మళ్ళీ మంద గురించే ఏదో సంజాయిషీ అనుకుని, మడత విప్పకుండా పొయ్యిలో వేశాను.

ఆ రాత్రి వెతికేవాళ్ళు వచ్చి, "ఏమైనా రాసిపెట్టి వెళ్ళాడామ్మా?" అని అడిగారు. ఊళ్ళో వాళ్ళంతా వాకిట్లో ఉన్నారు. మొగుడి కాగితం చదవకుండా కాల్చానని వాళ్ళ ముందు ఎలా చెప్పను? "లేదు" అన్నాను. "ఎటు వెళ్ళి ఉంటాడు?" అన్నారు. "ఎప్పుడూ ముందు ఉత్తరం వైపే వెళ్తాడు" అన్నాను. అప్పుడు రాత్రి ఎనిమిది. అప్పటికి ఆయన బతికే ఉన్నాడు రాగ్నీ.

రేపు పొద్దున పోలీసాయనకు ఈ మాట చెప్పబోతున్నాను. ముందు నీకే చెప్పాలనిపించింది. శుక్రవారం చర్చిలో ప్రార్థన, ఆ తర్వాత ఖననం. ఇదంతా చదివాక కూడా రాగలిగితే రా. వస్తే వెనక వరసలో నక్కకు. వచ్చి నా పక్కన కూర్చో.

సిగ్నె