అడగకుండా రాసిన వాక్యం

మార్హెష్వాను 20, మెసోరె 30

నువ్వు అబద్ధాలకోరువి. ఈ కుండపెంకు ఎవరి చేతికి దొరికిందో ఆ నిన్నే అంటున్నాను. ఏటా పస్కా పండక్కి కూర్చుని, ఐగుప్తు బానిసత్వం నుంచి అందరం బయటపడ్డాం అని చెప్పుకుంటావు. అందరమా? మరి నేనెవర్ని? నీ కథలో నెత్తురుగా మారిన ఏటి నీళ్ళతోనే పొద్దున్నే మొహం కడుక్కుంటున్నాను. నీ కథలో ఐగుప్తు మనిషంటే కొరడా పట్టుకున్నవాడొక్కడే. నా ఇంట్లో ఐగుప్తు మనిషి పొయ్యి దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. దాని పేరు ఎస్వేరె. నా భార్య. నీ కథలో దానికి చోటెక్కడ?

నేను గెమర్యాని. ఐగుప్తు ఏటి నడుమ యేబు లంకలో, పారసీక రాజు కాపలాకి పెట్టిన యూదుల దండుకి లేఖకుణ్ణి. పుట్టింది ఇక్కడే, నా తండ్రి పుట్టిందీ ఇక్కడే. పత్రానికి రెండు తేదీలు వేస్తాం, మన నెల ఒకటి, ఐగుప్తువాళ్ళ నెల ఒకటి. రెండూ లేకపోతే చెల్లదు. అలవాటు కొద్దీ ఇక్కడా వేశాను.

ఈరోజు లేఖ పూర్తయింది. యూదా అధిపతికి. మా దేవుడు యాహు మందిరాన్ని తగలబెట్టి మూడేళ్ళయింది, తిరిగి కట్టుకోనివ్వండి అని. తగలబెట్టింది పక్క వీధి ఖ్నూము గుడి పూజారులు, కోట దళపతి అండతో. వాళ్ళ దేవుడిది పొట్టేలు తల. మేం ఆ గోడ పక్కనే గొర్రెపిల్లల్ని కాల్చి మా దేవుడికి పెట్టాం. వాళ్ళు చేసింది దుర్మార్గమే. కానీ ఆ పొగ ఎటు పోతోందో మాలో ఒక్కడూ తలెత్తి చూడలేదు.

ఆనాటి నుంచి దండులో ప్రతి మగాడికీ ఒట్టు. గోనె కట్టుకోవాలి. తలకి నూనె లేదు, ద్రాక్షారసం లేదు, పెళ్ళాం పక్కకి వెళ్ళడం లేదు, మందిరం లేచేదాకా. ఇది తప్పని సభలో గొంతు పోయేలా వాదించాను. వెనక నుంచి ఎవడో “ఖ్నూము గారి అల్లుడు” అన్నాడు. వెంటనే ఒట్టు వేశాను. మూడేళ్ళుగా మేడ మీద పడుకుంటున్నాను.

ఇవాళ మా పెద్ద పెలత్యా లేఖలో ఒక వాక్యం చేర్చమన్నాడు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు మొగుడు పోయినవాళ్ళలా బతుకుతున్నారు అని. అధిపతి మనసు కరుగుతుందట. మంచి అక్షరాలతో రాశాను.

మార్హెష్వాను 22, ఐగుప్తు లెక్కలో ఏడాది చివర ఏ నెలకూ చెందని ఐదు రోజుల్లో రెండోది

లేఖ సభలో చదివాను. ఆడవాళ్ళు గోడ వారగా కూర్చున్నారు. ఆ వాక్యం దగ్గరికి రాగానే ఎస్వేరె గొంతు వినిపించింది.

“నేను విధవని కాను. మా ఆయన మేడ మీదే ఉంటున్నాడు. మీరు పిలిచి చూడండి, దిగుతాడేమో.”

ఆడవాళ్ళంతా నవ్వారు. మగాళ్ళు నవ్వలేదు. పెలత్యా నన్ను నా ఇల్లు అదుపులో పెట్టుకోమన్నాడు. నేను లేఖ చుట్టాను, దారం కట్టాను, మట్టి ముద్ర వేశాను. అవన్నీ నాకు బాగా వచ్చు.

కిస్లేవు 4, తోత్ 9

వెళ్ళిపోయింది. ఎక్కడికో కాదు, వీధికి అవతల తన పుట్టింటికి. రెండు అంగల దూరం. మగ్గం మోయడానికి దాని అన్న పహీ వచ్చాడు. ఖ్నూము గుడి తోటలో పని వాడికి. నాకు వాడంటే ఇష్టం. మగ్గం దించి ఊపిరి తీసుకుంటూ అన్నాడు.

“బావా, మీ దేవుడికి పొట్టేలు కూరలోకి కావాలి. మా దేవుడేమో పొట్టేలే. ఈ తగువులో మా చెల్లెలు ఏ కూర వండాలో నువ్వే చెప్పు.”

నవ్వబోయాను, రాలేదు. గడప దగ్గర ఎస్వేరె ఆగింది. “ఆ వాక్యం రాసేముందు నన్నొక్కసారి అడిగావా?” అంది. విన్నపం ఎలా రాయాలో, ఏ మాట ఎక్కడ పడితే పైవాడు కరుగుతాడో, దండు కోసం ఒక్కొక్కరం ఎంత ఓర్చుకోవాలో చాలా చెప్పాను. మొత్తం విని వెళ్ళిపోయింది.

కిస్లేవు 5, తోత్ 10

ఉల్లిపాయ తరగడం నాకు రాదు.

టెబేతు 10, పావోపి 14

ఇప్పుడు కింద పడుకోవచ్చు, ఒట్టు తప్పినట్టు కాదు. అయినా మేడ దిగడం లేదు. అక్కడి నుంచి వాళ్ళ పెరడు కనబడుతుంది. ఎస్వేరె నార ఆరేస్తుంది, తీస్తుంది. తల ఎత్తదు. మగ్గం ఆడినంతసేపూ వింటాను. ఆగిపోతే ఏమైందోనని లేచి నిలబడతాను.

పెలత్యా దగ్గరికి వెళ్ళాను, పోట్లాటకే. పారసీక రాజు పెట్టే జీతం తిని ఐగుప్తువాళ్ళ నేల మీద కాపలా కాస్తున్నాం, ఇప్పుడు కొరడా ఎవరి చేతిలో ఉందయ్యా అని అడిగాను. ఫరో కింద వెట్టిచాకిరీ చేశామని ఎన్నేళ్ళు చెప్పుకుంటాం, ఆ చాకిరీ చేసినవాడు పక్కింటివాడి మీద ఇలాగేనా నిలబడేది అన్నాను. కాళ్ళ మీద గోనె సర్దుకుంటూ ఆయన ఒకటే మాట అన్నాడు. మీ ఆవిడ వెళ్ళిపోయాక నీకు రాజనీతి బాగా తెలిసొచ్చిందే అని.

ఆయన అన్నది తప్పు కాదు. అదే నాకు మండింది.

శెబాటు

తేదీ వేయాలనిపించలేదు.

అదారు 12, కోయాక్ 15

జవాబు వచ్చింది. లేఖ కాదు. యూదా అధిపతి నోటితో చెప్పింది, లేఖ తీసుకెళ్ళిన మావాడు గుర్తుపెట్టుకుని వచ్చాడు. మందిరం ముందున్న చోటే కట్టుకోవచ్చు. పిండి నైవేద్యం పెట్టుకోవచ్చు, ధూపం వేసుకోవచ్చు. గొర్రెపిల్ల గురించి ఒక్క మాట లేదు. మాట లేకపోవడమే మాట, బలి వద్దని.

సగంమంది ఏడ్చారు, సగంమంది అరిచారు. నేను లేచి తీసుకుందాం అన్నాను. పిండి చాలు, ధూపం చాలు, పక్క వీధిలో వాళ్ళ కళ్ళకీ మంట తగ్గుతుంది అన్నాను. రాజీ అంటే ఓటమి కాదని చెప్పబోతున్నాను. పెలత్యా చెయ్యి ఎత్తాడు.

“నీ నోట్లోంచి మీ అత్తారి పొట్టేలు అరుస్తోందిరా.”

ఈసారి మగాళ్ళు నవ్వారు. చివరికి అదే షరతు ఒప్పుకున్నారు, నా పేరు ఎత్తకుండా. ఒట్టు మాత్రం విప్పరట. మందిరం మీద కప్పు వేసేదాకా ఉంటుందట. ఏళ్ళు పడుతుంది.

అదే రోజు, పొద్దు వాలాక

పహీ గుమ్మంలో నిలబడి చెప్పాడు. పదిహేడో తేదీన చెల్లెలు సభలో లేస్తుంది అని. బావా అనలేదు.

మా దండు చట్టం అది. మగైనా ఆడైనా సభలో లేచి, నా మొగుణ్ణి లేదా నా పెళ్ళాన్ని ద్వేషిస్తున్నాను అంటే చాలు, ఆ పెళ్ళి తెగినట్టే. ఆ మాట అనకపోతే తెగదు.

అదారు 17, కోయాక్ 20

వచ్చింది. ఉతికిన నార బట్ట, దువ్విన తల. గోనెల మధ్య అదొక్కతే మనిషిలా ఉంది. పెలత్యా మాట చెప్పమన్నాడు. ఎస్వేరె ఆయన్ని కాదు, నన్ను చూస్తూ మాట్లాడింది.

“ద్వేషం లేదు నాకు. లేనిది ఉందని ఇంతమందిలో ఎలా అనను? ఆ ఇంట్లో ఉండలేను, అంతే. దానికి మీ దగ్గర ఇంకో మాట లేదా?”

పెలత్యా నా వైపు తిరిగాడు. పత్రాల్లో ఏ మాట ఉందో, ఏది లేదో నాకే తెలుసు.

“లేదు,” అన్నాను.

మూడేళ్ళు సభలో అరిచినవాణ్ణి, ఇవాళంతా కలిపి ఆ ఒక్క మాటే అన్నాను. అయితే ఇలాగే ఉండనివ్వండి అని అది నడిచి వెళ్ళిపోయింది. విడిపోలేదు. భార్యా కాదు. పెలత్యా తర్వాతి వ్యవహారం పిలిచాడు. ఎవరిదో గోడ తగువు. నేను కలం ముంచాను.

అదారు 18, కోయాక్ 21

నిజం చెప్పి ఇంత సిగ్గుపడింది ఇదే మొదటిసారి.

అదారు 25, కోయాక్ 28

లేదన్నానా? ఎవరు రాశారు ఆ చట్టం మాటలు? నా తాత రాశాడు. తండ్రి తిరగరాశాడు. కిటికీ ఎటు తెరవాలి, మెట్లు ఎవరివి, ఇలాంటి వాటికి నేనే ఎన్ని కొత్త మాటలు చేర్చాను! పెలత్యాని అడిగానా? లేదు. అవసరం పడింది, చేర్చాను. ద్వేషం లేకుండా వెళ్ళిపోయే మనిషి కోసం ఒక్క మాట చేర్చాలని తోచలేదు నాకు. సభలో అది అడిగింది ఆ చట్టాన్ని కాదు. నన్నే.

ఇన్నాళ్ళూ ఎదటివాళ్ళని తిట్టడమే ధైర్యం అనుకున్నాను.

నీసాను 1, తూబి 3

గోనె విప్పేశాను. ఈ కింది కోరికలు ఇంకో పెంకు మీద రాసి సభ తలుపుకి కట్టాను. సాక్షులుగా సంతకం పెట్టమని ఎనిమిది మందిని అడిగాను. ఒక్కడూ పెట్టలేదు.

గెమర్యా కోరుతున్నవి:

ఒట్టు ఈరోజుతో విప్పాలి, కప్పు వేసే రోజుతో కాదు.

మన ఆడవాళ్ళ గురించి లేఖలో రాసిన వాక్యాన్ని మన దగ్గరున్న నకలులో కొట్టేయాలి. మళ్ళీ రాయాలంటే ఒక్కొక్కరినీ అడగాలి.

విడిపోవడానికి ద్వేషం ఒక్కటే కారణంగా ఉండకూడదు. “ఉండలేను” అన్నా చాలాలి.

పస్కా కథ చెప్పేటప్పుడు, వెళ్ళకుండా ఉండిపోయినవాళ్ళ గురించీ, వాళ్ళని ఉండనిచ్చినవాళ్ళ గురించీ చెప్పాలి.

నేను ఎస్వేరె గుమ్మానికి వెళ్తున్నాను. ఎవరూ ఆపకూడదు. ఆపే హక్కు దానికొక్కదానికే ఉంది.