మూడు దెబ్బలు

నవంబర్ 27
క్రిస్మస్ హ్యామ్ కోసం మాంసంపందిని కోయించాం. ఊళ్లో పందులు కోసే డార్సీ తుపాకీ, కత్తులు బండిలో వేసుకుని ఎనిమిదికల్లా వచ్చేశాడు. కోసేదాన్ని మిగతావాటి కంటపడకుండా ముందురోజే పైదొడ్డికి మార్చాలి. ఇరవై ఏళ్లుగా అలాగే చేస్తున్నాం. నిన్న ఎండకి బద్ధకించాను. అందుకే ఈరోజు అన్నీ ఉన్న దొడ్లోనే రేకు బకెట్ మీద గరిటెతో మూడు దెబ్బలు కొట్టాను, రోజూ మేతకి పిలిచినట్టే. అది పరుగెత్తుకొచ్చి బకెట్‌లో మూతి పెట్టింది.

"అక్కా, ఇక్కడొద్దు. ఆ పెద్దది చూస్తోంది," అన్నాడు డార్సీ.

దానికేం తెలుస్తుంది, కానివ్వు అన్నాను. అక్కడే కాల్చేశాడు.

పెద్దదంటే వినీ. మా వెసెక్స్ సాడిల్‌బ్యాక్ జాతి తల్లిపంది. నల్లటి ఒళ్లు, భుజాల మీదుగా తెల్లపట్టీ. మాంసానికి పెంచేవాటికి మేం పేర్లు పెట్టం. దీనికి పెట్టాం. మా అత్తగారు మొదలుపెట్టిన వంశంలో ఇదొక్కతే మిగిలింది. ఇప్పుడు చూడిది. జనవరి మధ్యలో ఈనాలి.

నవంబర్ 28
బకెట్ కొట్టాను. వినీ రాలేదు.

డిసెంబర్ 4
దాణా పోసి నేను వెళ్లిపోయాకే తింటోంది. నీ మీద అలిగిందే అని మా ఆయన మెర్విన్ ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. బకెట్ కనిపిస్తే చాలు, కంచె చివరికి పోయి నన్నే చూస్తూ నిలబడుతోంది.

డిసెంబర్ 25
నలభై డిగ్రీలు. మెల్‌బోర్న్ నుంచి మా చెల్లెలు వాళ్లొచ్చారు. హ్యామ్ అద్భుతమన్నారు. నేను ముట్టుకోలేదు.

జనవరి 9
కొండ అవతల కార్చిచ్చు పొగ. కుంటలో నీళ్లు మోకాలి లోతే ఉన్నాయి. మెర్విన్ ట్రైలర్‌ని దొడ్డి గేటుకి ఆనించి పెట్టాడు. మంట ఇటొస్తే తీసుకెళ్లడానికి వినీకి ఇప్పటినుంచే ఎక్కడం అలవాటు చెయ్యమన్నాడు. లోపల ఆపిల్స్ వేశాను. వినీ ముందుకాళ్లు పెట్టింది. ఇంతలో నా చేతిలో గరిటె ట్రైలర్ రేకుకి తగిలింది. ఒక్క దూకు వెనక్కి. మళ్లీ దగ్గరికి రాలేదు.

జనవరి 14, ఉదయం 11
గాలి ఇటు తిరిగింది. ఫోన్‌లో వార్నింగ్. వెంటనే బయల్దేరాలట.

సాయంత్రం 5, ఊళ్లో ఫుట్‌బాల్ గ్రౌండ్
అందరూ ఇక్కడే ఉన్నారు. ఒంటినిండా బూడిద.

మిగతావాటిని ముందే ఎక్కించేశాం. వినీతో గంటసేపు తంటాలు పడ్డాం. రెండు వందల కిలోల పంది. మెర్విన్ చెక్క అడ్డుపెట్టి తోస్తే ఆయన్నే పడేసింది. నిప్పురవ్వలు కొట్టం మీద రాలుతున్నాయి. నాకు బుర్ర పనిచెయ్యలేదు. బకెట్ తీసుకుని మూడు దెబ్బలు కొట్టాను. పిలవాలంటే నాకు తెలిసింది అదొక్కటే. అది వెర్రెత్తినట్టు మంట వచ్చే వైపుకే పరుగెత్తింది.

"ఇంక చాలు. కంచె కోసెయ్, దాని దారిన అది పోతుంది," అన్నాడు మెర్విన్.

కోసేశాను. పొగలోకి పోయింది. దానికి ఆ భయం నేర్పింది నేనే. ఇది ఎవరికీ చెప్పలేదు.

జనవరి 18
ఇల్లు మిగిలింది. దొడ్లు, కంచెలు లేవు. కుంట బురదలో అడుగులు. పెద్దవి. వాటి చుట్టూ చిన్నవి.

కూర్చుని ఏడ్చాను.

జనవరి 23
దాణా నేలమీద పోసి వస్తున్నాను, చప్పుడు చెయ్యకుండా. ఈరోజు ఇంటి దాకా వచ్చింది. చెవులు కాలాయి. ఏడు పిల్లలు, ఏడింటికీ తెల్లపట్టీలే. నేను దగ్గరికెళ్తే మాత్రం పరుగే.

మధ్యాహ్నం డార్సీ వచ్చాడు. కంచె దాటి తిరిగే పందులన్నీ అడవిపందులైపోతాయని ఆదివారం వేటగాళ్లొచ్చి తుపాకులతో కాల్చేస్తారట. ఎవరివని అడగరట. తనూ వస్తాడట. తల దించుకునే చెప్పాడు.

"బయటివాళ్లు కుక్కల్ని వదుల్తారక్కా. నువ్వు మేత వేసి నిలబెట్టావంటే నేనే ఒక్క దెబ్బతో కానిచ్చేస్తాను."

సరేనన్నాను.

జనవరి 26, ఆదివారం, ఉదయం 7
దాణా పోశాను. వినీ వచ్చింది, ఏడూ వచ్చాయి. గేటు దగ్గర డార్సీ బండి ఆగింది. కుంట వైపు ఇంకా ఎవరూ లేరు.

బకెట్ తీసుకుని మూడు దెబ్బలు కొట్టాను.