నాలుగో నంబరు షాపు

ఏమండీ,

ఇక్కడ నేనూ, అత్తయ్యా, పాపా బాగానే ఉన్నాం. మీ నడుము నొప్పి తగ్గిందని రాశారు కానీ, అక్షరాలు వంకరపోయాయి. పడుకుని రాశారని తెలిసిపోయింది. రేవులో బరువులెత్తే పని తప్పించమని మేస్త్రీని అడగండి, మొహమాటపడకండి.

పాపకి కళ్ళజోడు వచ్చింది. పెట్టుకున్న మొదటిరోజే నా మొహం మీద మచ్చలన్నీ లెక్కపెట్టింది. మన కుక్కర్ల రిపేరు షాపు పైకప్పు ఇంకా కారుతూనే ఉంది. ఎలాగూ కూలగొట్టేదానికి కొత్త రేకులెందుకంటున్నారు మార్కెట్ ఆఫీసువాళ్ళు. "అందరిలోకీ నువ్వే ఎందుకు ముందు నిలబడాలి" అని మీ ఉత్తరంలో అడిగారు చూడండి, దానికి జవాబు చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉంది. కాస్త ఆగండి.

మన షాపుల వరస మొత్తం పడగొట్టి ఐదంతస్తులు కడతారట. అప్పటిదాకా మనం ఊరి చివర, బస్సు డిపో వెనక షెడ్లలో ఉండాలి. కుక్కర్‌కి రబ్బరు వేయించుకోవడానికి రెండు బస్సులు మారి ఎవరొస్తారు? ఆఫీసు వరండాలో కొత్త మార్కెట్ నమూనా అద్దాల పెట్టెలో పెట్టారు. అందులో చెట్లున్నాయి, కార్లున్నాయి, గోరంత మనుషులున్నారు. ఒక్కరి చేతిలోనూ సంచీ లేదు. నెలన్నరగా ఆ వరండా చుట్టూ తిరిగి చెప్పులరిగిపోయాయి. ఎవరిని కదిపినా "మీ బాధ రాసుకున్నామమ్మా" అంటారు. ఎక్కడ రాసుకున్నారో చూపించమంటే టీకి లేచిపోతారు. ఆ కోపమంతా ఇంటికి మోసుకొచ్చి అత్తయ్య మీద విసుక్కుంటున్నాను. ఆవిడ వినపడనట్టు బియ్యం ఏరుకుంటోంది, పాపం.

ఇక మీకు రాయకుండా దాచిన సంగతి. మూడు వారాల క్రితం ఆఫీసు గుమాస్తా కుక్కర్ బాగుచేయించుకునే నెపంతో వచ్చి ఒక కవరు ఇచ్చాడు. కొత్త భవనంలో కింది అంతస్తు, రోడ్డు వైపు, నాలుగో నంబరు షాపు మీ పేర రాసి ఉంది. "మీరు కాస్త నెమ్మదిగా ఉంటే చాలక్కా" అన్నాడు. నేను వద్దనలేదు. రబ్బర్ల డబ్బా అడుగున పెట్టేశాను. తర్వాత జరిగిన రెండు మీటింగుల్లోనూ గొంతు పట్టేసిందని చెప్పి నోరు మూసుకుని కూర్చున్నాను.

పోయిన సోమవారం షాపుల జాబితా గోడకి అంటించారు. మన పక్కన మెట్ల కింద కూర్చుని తాళ్ళమ్మే తాత, మీరు వెళ్ళేరోజు మీ పెట్టెకి తాడు కట్టిన తాతే, నన్ను చదివిపెట్టమన్నాడు.

"నా పేరు ఎక్కడుందో చూడమ్మా."

లేదు. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నా, తలుపూ షట్టరూ లేనిది షాపు కాదట.

"అడుగు దాకా చూశావా?"

"చూశాను తాతా."

"మరి నీది?"

అబద్ధం చెప్పలేకపోయాను. "నాలుగో నంబరు" అన్నాను.

"మంచిదేనమ్మా. రోడ్డు వైపేనా?" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

గురువారం ఆఫీసులో జరిగిన అభ్యంతరాల విచారణలో అందరి ముందూ ఆ కవరు బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాను. మన వరసవాళ్ళు నా వైపు చూడలేదు. ఆఫీసరు మాత్రం కూలగొట్టొద్దని నేను ముందే ఇచ్చిన అర్జీ తీసి, ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు.

"మీకు షాపు వచ్చేసింది కదమ్మా. ఇక మీ అభ్యంతరం చెల్లదు."

"ఆ షాపు నాకొద్దంటున్నానండీ."

"వద్దనాల్సింది మీరు కాదు, లైసెన్సు ఉన్న మీ ఆయన."

పదకొండేళ్ళుగా ఆ షట్టరు ఎత్తేదీ దించేదీ నేను. లైసెన్సులో నా పేరు కూడా చేర్పించమని ఎన్నిసార్లు అడిగానో మీకే తెలుసు.

మీ పేర రాసిన అభ్యంతరం కాగితం ఇందులోనే పెట్టాను. తాత చోటు కూడా జాబితాలో చేర్చాలని మొదటి వాక్యంలోనే రాశాను. నెలాఖరులోగా వాళ్ళకి అందాలి. మీరు సంతకం పెడితే నాలుగో నంబరు పోతుంది. గెలుస్తామన్న నమ్మకం కూడా లేదు, అందరితోపాటు మనమూ డిపో వెనకే ఉండిపోవచ్చు. మీరు తిరిగొచ్చాక ఆ నడుముతో బరువులు మోయకుండా, దర్జాగా రోడ్డు వైపు కూర్చుంటారని ఆశపడ్డాను. అదీ నిజమే.

సంతకం పెట్టకపోయినా నేనేమీ అనను అని రాశాను. చదువుకుని కొట్టేశాను. అంటాను.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
మీ ఇల్లాలు