చెవి మిషను డబ్బా

ఒరేయ్ కన్నబాబూ,

పెరూ దేశం చేరి నాలుగు రోజులైంది. కుస్కో అనే కొండ ఊళ్ళో ఉన్నాం. యాభయ్యారేళ్ళకి వీపున సంచి తగిలించుకుని తిరుగుతుంటే, ఇక్కడి కుక్కలు కూడా జాలిపడి మొరగడం మానేశాయి.

అసలు సంగతి విను. బయల్దేరే ముందురోజు మీ అక్క సంచి విమానంలో ఒప్పుకునే ఏడు కిలోలు దాటిందని, ఆవిడకి చెప్పకుండా కొన్ని వస్తువులు తీసేశాను. బోయిన్‌పల్లి మార్కెట్లో ముప్పై ఏళ్ళు తూకం వేసిన చెయ్యి, పావుకిలో ఎక్కువుంటే ఊరుకోదు కదా. అందులో ఓ నల్ల డబ్బా కూడా తీసేశాను, కమ్మల డబ్బా అనుకుని. తీరా చూస్తే అది ఆవిడ చెవి మిషను ఛార్జింగు డబ్బా. మొన్నే మిషను ఆగిపోయింది.

ఎన్నో ఏళ్ళుగా చూడాలని అడిగిన కొండలు. వాటి మధ్య ఏమీ వినపడక తిరుగుతోంది. పైగా, "నేనే మర్చిపోయొచ్చానండీ, మీ సరదా పాడుచేశాను" అని నన్నే ఓదారుస్తోంది.

నిన్న కొండమీద కూర్చుని, "తీసింది నేనే దేవీ" అని గట్టిగానే చెప్పేశాను. ఎప్పట్లాగే జోకు వేశాననుకుని పకపకా నవ్వింది. కాయితం మీద రాసి చూపిద్దామంటే చెయ్యి రాలేదు. నీకు మాత్రం రాసేశాను. ఈ ఉత్తరం ఫోటో తీసి పంపుతున్నాను.

సైనిక్‌పురి ఇంటి తాళం నీ దగ్గరే ఉందిగా. బీరువా పైన ఉంటుంది ఆ డబ్బా, కొరియర్లో వేసెయ్యి. వచ్చేదాకా ఇక్కడే ఉంటాం. అక్కకి నువ్వు మెసేజీ పెట్టకు. మిషను పెట్టుకోగానే మొదటి మాట నేనే చెప్తాను. అప్పుడు నవ్వదులే.

మీ బావ