నరసింహప్పను తిట్టని రోజులు

28 జూన్ 2003, శనివారం

ఇంటికి తెచ్చాం! మా ఆయన నరసింహప్పను. గుండె ఆపరేషన్ అయింది. కాలిలోని నరం తీసి గుండెకు అతికించారట. ఆసుపత్రిలో పైసా తీసుకోలేదు. వాళ్ళు చల్లగా ఉండాలి.

కొత్తచెరువు నుంచి ధర్మవరం దాకా బస్సు ఒకటే కుదుపు. కుట్లు కదలకుండా ఎదకు దిండు అదుముకుని కూర్చోమని నర్సు చెప్పింది. దారి పొడుగునా ఆ దిండు పట్టుకున్నది నేను. ఈయన కిటికీలోంచి ఎండిపోయిన చేలు చూస్తూ వచ్చాడు, ఎవరో అతిథి వచ్చినట్టు.

బయలుదేరే ముందు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. "మందుల కంటే ముఖ్యమైనది ఒకటుందమ్మా. ఆయనకు కోపం తెప్పించొద్దు, మనసు కష్టపెట్టొద్దు. ప్రశాంతంగా ఉంచండి" అన్నాడు. నా నోటి సంగతి ఆయనకెవరు చెప్పారో! ఈయన మంచం మీద నుంచి మెడ సాచి మమ్మల్నే చూస్తున్నాడు.

"ఏం చెప్పినాడు?" అని అడిగాడు తర్వాత.

"ఏం లేదు. మీరు పండుకోండి" అన్నాను.

కనుక తీర్మానం! ఈయనతో పట్టు చీరలు నేయించే షావుకారు రాజేంద్ర జనవరిలో ఇచ్చిన డైరీ ఆరు నెలలుగా ఖాళీగా ఉంది. మొదటి రాత ఇదే.

— ఈయన్ను ఒక్క మాట అనను.
— 'నువ్వు' అనను, 'మీరు' అంటాను. (పెళ్ళయిన కొత్తలో కూడా అనలేదు.)
— ఉప్పు, నూనె తప్ప ఏది అడిగినా చేసి పెడతాను.
— మా ఆడబిడ్డ రామాంజినమ్మ వచ్చినా నవ్వుతాను.

ఎదురింటి తిప్పమ్మక్కే నాకు ఆదర్శం. నోరు తెరిస్తే వీధి చివర కుక్క కూడా లేచి పోయేది. మొగుడు నారాయణన్నను జబ్బుతో బెంగళూరు నుంచి తెచ్చాక ఆమె గొంతు ఎవరూ వినలేదు. నలభై రోజులు నెయ్యి పోసి అన్నం పెట్టింది. ఆయన దక్కలేదు గానీ ఎంత బాగా చూసుకుందో అని వీధంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆమె చేసిందీ, నేను చేయలేనిదీ ఏముంది?

తిట్లు మరీ ఆగకపోతే ఇందులో రాసుకుంటాను. కాగితానికి గుండె జబ్బు రాదు.

29 జూన్, ఆదివారం

పొద్దున్నుంచి ఒక్క మాట లేదు! ఇంత తేలికా!

కాఫీ చప్పగా ఉందన్నాడు. "అవునండీ, ఇంకొంచెం చక్కెర వేస్తాను" అన్నాను. అండీ! నా నోటితో! మా ప్రసూన ఇంటర్ పుస్తకం పక్కన పెట్టి వచ్చి నా నుదురు పట్టి చూసింది. "అమ్మా, జరమొచ్చిందా నీకు?"

2 జూలై, బుధవారం

చూడ్డానికి జనం. తెచ్చేది రొట్టె ప్యాకెట్లు, తాగేది నా కాఫీ.

ఈయన వచ్చిన ప్రతివారికీ చొక్కా గుండీలు విప్పి గాటు చూపిస్తాడు. ఆపరేషన్ అంతా కళ్ళారా చూసినట్టు చెబుతాడు. గుండె బయటికి తీశారట, పళ్ళెంలో పెట్టారట, అది అక్కడే కొట్టుకుందట. మత్తు సూది వేసేదాకా కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్న మనిషి! పళ్ళెం కథ ఎక్కడి నుంచి వచ్చిందో మరి. నిన్న స్టీలు పళ్ళెం, ఈరోజు వెండి పళ్ళెం.

తర్వాత దండాలు. డాక్టరుకు, నర్సుకు, బండి తోసిన అబ్బాయికి, ఎద మీద వెంట్రుకలు గొరిగినవాడికి కూడా. తలుచుకున్నప్పుడల్లా చేతులు జోడిస్తాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఆసుపత్రి క్యాలెండరు దేవుడి పటాల పక్కన మేకుకు తగిలించమన్నాడు. తగిలించాను.

ఆసుపత్రి వరండాలో సిమెంటు నేల మీద పడుకున్న మనిషి పేరు ఆ వరుసలో ఎక్కడా లేదు. ఆ మనిషి పేరు యశోదమ్మ. నోరు మూసుకున్నాను.

5 జూలై, శనివారం

రామాంజినమ్మ వదిన శింగనమల నుంచి దిగింది, చంకలో కోడితో. "మా తమ్మునికి పులుసు చేసి పెట్టు. ఉత్త గంజి తాపి ఎట్ల చేసినావో చూడు" అంది. నవ్వాను. దవడలు నొప్పి పుట్టాయి.

కోడి మంచం కింద తిరుగుతోంది. పేరు పెట్టలేదు గానీ ఏం పెట్టాలో నాకు తెలుసు.

సాయంత్రం కుళాయి వచ్చింది. నాలుగు రోజులకొకసారి వచ్చే భాగ్యం. బిందెలన్నీ నేనే మోశాను. ఈయన మంచం మీద నుంచి చూస్తూ పడుకున్నాడు. బరువు ఎత్తకూడదు, నిజమే. కళ్ళు ఎత్తి 'అలిసిపోయినావా' అనడానికి కుట్లు అడ్డమొస్తాయా?

9 జూలై, బుధవారం

రోజూ నడవాలని డాక్టరు చెప్పాడు. ఈయన గడప దాకా పోయి, వీధిని ఒకసారి చూసి, వెనక్కి వచ్చి పడుకుంటాడు. నడక అయిపోయిందట!

"మీ ఇష్టమండీ" అన్నాను. ఆ మాట అంటుంటే పళ్ళు నూరుకున్న చప్పుడు నాకే వినిపించింది. అది తిట్టు కాదు. పళ్ళు నావి.

14 జూలై, సోమవారం

మెత్తగా, తేనె పూసి అడిగాను. "ఏం తినాలనుందో చెప్పండి. చేసి పెడతాను."

ఆ మాటకి ఒక మొగుడి మొహం ఎంత విప్పారాలి? ఈయన మొహం తెల్లబోయింది. కాసేపు నన్నే చూశాడు. "ఓళిగ" అని గోడవైపు తిరిగాడు.

శనగపప్పు పూర్ణం రుబ్బి, నెయ్యి తగ్గించి, ఎండలో చెమటలు కక్కుతూ చేశాను. సగం తిని సగం పళ్ళెంలో వదిలేశాడు. కళ్ళలో నీళ్ళు. వేషాలు! ఆసుపత్రిలో చప్పటి ఉప్మా పెట్టిన మనిషికి దండం, ఓళిగ చేసిన దానికి ఎంగిలి.

19 జూలై, శనివారం

పాలు పిల్లి తాగింది. దాన్ని తిట్టాను. దాని తల్లినీ, వంశాన్నీ కలిపి తిట్టాను. పిల్లిని తిట్టకూడదని తీర్మానంలో లేదు.

విచిత్రం! ఈయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఎవరినే, నన్నేనా?" అన్నాడు ఆశగా.

"రామరామ, మిమ్మల్ని అంటానా! పిల్లినండీ."

మళ్ళీ పడుకున్నాడు.

24 జూలై, గురువారం

గిన్నె కొంచెం గట్టిగా పెట్టాను, అంతే. గోడతో నాలుగు మాటలన్నాను. గోడకు చెవులున్నాయో లేవో నాకనవసరం. వదినకు కూడా ఒక మాట తగిలింది. కోడిని పట్టుకుని ఊరికి పోయింది. ఇద్దరూ పోయారు, ఇల్లు చల్లబడింది.

వీటిని లెక్కలోకి తీసుకోను. ఈయన్ను మాత్రం ఒక్క మాట అనలేదు!

కానీ మనిషి నీరసపడుతున్నాడు. చొక్కా విప్పి చూపించడం కూడా మానేశాడు. వెండి పళ్ళెం లేదు, గుండె లేదు. ప్రసూనను పిలిచి తల నిమురుతున్నాడు. "అమ్మ మాట ఇనమ్మా. నేనుండా లేకపోయినా బాగా చదువుకో" అంటున్నాడు. మందులు సరిగ్గానే వేస్తున్నాను. ఇంకెంత ప్రశాంతంగా ఉంచాలి? ఇల్లు గుడిలాగా ఉంది!

భయంగా ఉంది. ఎవరికీ చెప్పలేదు.

29 జూలై, మంగళవారం

అయిపోయింది. తీర్మానం అయిపోయింది. ఎట్లా అయిందో రాస్తాను.

మధ్యాహ్నం షావుకారు రాజేంద్ర వచ్చాడు. ఆసుపత్రికి పోయేముందు ఈయన సగం నేసిన చీర మగ్గం మీద అట్లాగే ఉంది, పాత పంచె కప్పి ఉంచాను. ఈయన మెల్లగా అన్నాడు కదా, "రాజేంద్రా, ఆ పడుగు కోయించుకొని పోప్పా. ఇంకో మగ్గానికి ఎక్కించుకో. నాతో ఇంక కాదు."

మా నేతగాళ్ళ ఇళ్ళల్లో చీర సగంలో ఉండగా మగ్గం మీది పడుగు దారాలు కొయ్యరు. నేసే మనిషి పోతేనే కోస్తారు. నారాయణన్నది అట్లాగే కోశారు. ఆయన్ను తీసుకుపోయినప్పుడు కూడా ఏడవని తిప్పమ్మక్క, ఆ దారాలు తెగిన చప్పుడుకు మగ్గం గుంతలో కూలబడింది.

రాజేంద్ర, మహానుభావుడు, తల ఊపాడు. "అట్లనేలే అన్నా. వదినా, కత్తెర ఉంటే ఇయ్యి" అన్నాడు.

కత్తెర తెచ్చాను. ఇవ్వలేదు.

"ఏమయ్యా! పడుగు కోసేదానికి నువ్వేమన్నా సచ్చినావా? అంతమంది డాక్టర్లు కూడి నిన్ను బతికించి పంపింది మంచం నారలు లెక్కపెట్టేదానికా? ఊరందరికీ గుండీలిప్పి చూపిస్తివి, గడప దాటి నడువంటే కాళ్ళకు మేకులు దిగినాయా? ఆ డాక్టరుకు దినామూ దండాలు పెడతావు, ఆయప్ప చెప్పింది ఒగటన్నా చేస్తివా? ఇదేనా నీ ఇశ్వాసం? నీళ్ళు మోసి నా నడుము ఇరిగిపోతాండాది, నువ్వు పండుకొని పడుగు కొయ్యమంటాండావు! కోస్తే ఆ పడుగు కాదు, నీ నాలిక కోస్తా! ఏమప్పా రాజేంద్రా, నీకు కత్తెర కావాల్నా?"

రాజేంద్రకు అక్కర్లేదట. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయాడు.

అప్పుడు తెలిసింది ఏం చేశానో. గుండె ఆపరేషన్ అయిన మనిషి! కత్తెర కింద పడేసి ఈయన ఎద మీద చెయ్యి పెట్టాను.

ఈయన లేచి కూర్చుని ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"యశోదా, అయితే నేను సావనా?"

"ఎవరన్నారు సస్తావని?"

"ఆ పొద్దు డాక్టరు నిన్ను పక్కకు పిల్చి చెప్పలేదా?"

"నిన్ను తిట్టొద్దని చెప్పినాడు. అంతే."

"అంతేనా!" నుదురు కొట్టుకున్నాడు. "మీరు అంటివి, అండీ అంటివి, ఏం తినాలనుందని అడిగితివి. నారాయణకు తిప్పమ్మ గూడా ఇట్లనే గదా చేసింది! నీ నోరు మూతపడిందంటే నా పని అయిపోయిందనుకుంటి. నడిచి మాత్రం యాడికి పోయేదిలే అనుకుంటి."

నెల రోజులుగా ఈ మనిషి ప్రతి ముద్దా ఆఖరి ముద్ద అనుకుని తిన్నాడు. ఆ ఓళిగ కూడా. నేను దాన్ని వేషమనుకున్నాను.

ఇంత మొద్దు మనిషితో ఇన్నేళ్ళు ఎట్లా కాపురం చేశానో! నాకు కోపమే వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది. లేదు, ముందే వచ్చింది.

30 జూలై, బుధవారం

వీధి చివరిదాకా నడిచాడు! పక్కన నేను, కొంచెం కొంచెం తిడుతూ. కాళ్ళీడ్చద్దని, వంగొద్దని, ఆ పొట్ట చూడమని.

తిప్పమ్మక్క గడపలో కూర్చుని ఉంది. "నిన్న నీ గొంతు ఇని నా పానం లేచొచ్చెనే యశోదా" అంది. తర్వాత, ఈయన ముందుకు పోయాక, చిన్నగా చెప్పింది. "మా ఆయప్ప గూడా ఒగదినం అడిగినాడు, ఏమే తిట్టవని. డాక్టరు ఇంక దక్కడని చెప్పింది నేనేమని చెప్పేది? తిడదామంటే నోరు రాలేదు."

ఆమెను ఆదర్శం అని మొదటి పేజీలో రాసుకున్న తెలివైనదాన్ని నేను!

సాయంత్రం మగ్గం మీది పంచె తీశాం. అడ్డపోగు నేసే నాడె ఇప్పుడే విసరకూడదు. గుంత అంచున కూర్చుని తెగిన పోగులు అతికించాడు. నేను దీపం పట్టాను. (కరెంటు సంగతి రాయడం దండగ.)

అడిగేశాను. "గొరిగినోనికి గూడా దండం పెడితివి. నాకేమిటికి పెట్టలేదు?"

పోగు ముడి వేసి, కొస తెంపి, అప్పుడు చెప్పాడు. "వాళ్ళు మళ్ళా కనపడతారో లేదో. ఒగతూరి పెడితే అయిపోయె. నీకు యాడ మొదలుపెట్టేదే?"

మాటలు బాగానే వస్తాయి. అయినా దండం పెట్టలేదు చూడండి!

8 ఆగస్టు, శుక్రవారం

ఆసుపత్రికి పోయి చూపించుకొచ్చాం. డాక్టరు సంతోషపడ్డాడు. "చాలా బాగా కోలుకున్నారు. ఇంట్లో ప్రశాంతంగా చూసుకున్నట్టున్నారమ్మా" అన్నాడు. ఈయనకు దగ్గు వచ్చింది.

తేలిక పని చేయొచ్చు. బరువు మాత్రం సెప్టెంబరు దాటేదాకా ఎత్తకూడదు. కోపం తెప్పించకూడదు, మళ్ళీ అదే మాట. ఈసారి ఈయన ఎదుటే చెప్పమన్నాను.

దండాలు: డాక్టరుకు, నర్సుకు, చీటీ రాసిన ఆమెకు, గేటు తీసిన వాచ్‌మన్‌కు. వాచ్‌మన్ భయపడి తిరిగి రెండు పెట్టాడు.

బస్సులో దిండు తానే పట్టుకున్నాడు. నిద్రపోయింది నేను. లేచి చూస్తే దిండు నా తల కింద ఉంది.

9 ఆగస్టు, శనివారం

ఆలోచించాను. డాక్టరు రెండుసార్లు చెప్పాడంటే ఊరికే చెప్పడు. అప్పుడు కారణం చెప్పకుండా మానేశాను, ఈయన భయపడ్డాడు. ఇప్పుడు ఇద్దరికీ తెలుసు. ఇంక అడ్డేముంది? ఈసారి 'అండీ' ఉండదు, ఓళిగలు ఉండవు. తిట్లు మాత్రం బంద్.

కొత్త తీర్మానం! ఈ క్షణం నుంచి ఈయన్ను ఒక్క మాట

కుళాయి చప్పుడు. తల ఎత్తి చూస్తే, గడపలో నరసింహప్ప! చంకన నిండు బిందె! నీళ్ళు తొణికి చొక్కా తడిసి, ఎద మీది గాటు కనబడుతోంది.

"నువ్వు రాసుకుంటాండావని నేనే పట్టుకొస్తిని. దండం పెట్టలేదంటివి గదా" అన్నాడు, పళ్ళన్నీ కనబడేట్టు.

ఆ బిందె లాక్కుని దించిన తర్వాత నేనన్న మాటలు ఇందులో రాయను, ప్రసూన చదువుతుంది. ఎదురింట్లో తిప్పమ్మక్క నవ్వు వినిపించింది. ఈయన గోడకానుకుని కూర్చుని, ఎద మీద చెయ్యి పెట్టుకుని, నేను ముగించేదాకా ఒక్క మాట పోగొట్టుకోకుండా విన్నాడు. తర్వాత లేచి నడకకు పోయాడు, నేను చెప్పకుండానే.

రేపు ఆదివారం, తలకు పోసుకోవాలి, పని ఎక్కువ. తీర్మానం సోమవారం నుంచి.