మా అమ్మాయి కథలో నాన్న

జూన్ 3
మా అమ్మాయి కథ పత్రికలో అచ్చవుతోంది! ఎడిటర్‌గారే ఫోన్ చేశారట. షాపులో సగం కుట్టిన బస్సు సీటు అలాగే వదిలేసి ఇంటికి పరిగెత్తాను. ఈ మోకాళ్ళతో! మా ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అచ్చయ్యేదాకా చదవొద్దు నాన్నా అంది అమ్మాయి. సరే అన్నాను.

జూన్ 4, ఉదయం
చదివేశాను.
కథలో నాన్న నాలాగే సీటు కవర్లు కుడతాడు. నాలాగే సూది కాలర్‌కి గుచ్చుకుని, దానికోసం షాపంతా వెతుకుతాడు. అచ్చం నేనే! నవ్వుకుంటూ చదువుతున్నాను. చివర్లో పోయాడు.

జూన్ 4, సాయంత్రం
కథలో నాన్న పోయాడని మా ఆవిడ నా నోట వింది. మూడు పూటలా తింటున్న మనిషిని ఎలా చంపావే అని అమ్మాయి మీద విరుచుకుపడింది. పిల్ల మొహం వాడిపోయింది. ముగింపు మార్చేస్తానమ్మా, కుదరదంటే కథే వెనక్కి తీసుకుంటాను అంది.
నాకు అన్నం సహించలేదు. చచ్చినందుకు కాదు. ఆ ‘వెనక్కి’ అన్న మాటకి.

జూన్ 5
అసలు కథంటే ఏమిటో చెప్పమ్మా, ఏడో క్లాసువాడికి చెప్పినట్టు చెప్పు అన్నాను. నేను చదివింది అంతేగా.
పాత్రలుంటాయట. వాళ్ళు మసిలే చోటు, కాలం నేపథ్యమట. ఒకరికి ఏదో కావాలి, దానికి ఏదో అడ్డుపడాలి. అది సంఘర్షణ. ముగింపు అందులోంచే పుట్టాలట, బయట్నుంచి తెచ్చి అతికిస్తే అతకదట.
మరి నీ కథలో ఎవరికేం కావాలి అని అడిగాను.
కూతురికి నాన్నతో ఒక మాట చెప్పాలని ఉంటుంది నాన్నా, సిగ్గుపడి రేపు చెబుదాంలే, రేపు చెబుదాంలే అనుకుంటుంది అంది.
ఏమిటా మాట అన్నాను.
తల వంచుకుని చెప్పింది. కాలేజీ బస్సులో సీట్లన్నీ నువ్వు కుట్టినవే. ఎక్కినప్పుడల్లా మా నాన్న కుట్టాడని అందరికీ చెప్పాలనిపించేది.

అయితే ఆ నాన్న పోవాల్సిందేనమ్మా, ఉంటే ఆ పిల్ల ఇంకో రేపు అనుకుంటుంది అన్నాను. నువ్వు చెప్పేశావు, మనది వేరే కథ.
నా భుజం మీద తల వాల్చింది. వెంటనే కెవ్వుమంది. కాలర్‌లో సూది!

జూన్ 6
ముగింపు మారలేదు. మా ఆవిడ మూతి ముడుచుకునే ఉంది. కథలో ఆయన పెళ్ళాం బాగా ఏడ్చిందా అని అడిగింది. ఏడ్చిందమ్మా, రెండు పేజీలు అని అమ్మాయి అంటే కాస్త చల్లబడింది.

జూన్ 20
అచ్చయింది! పది కాపీలు కొన్నాను. పత్రిక చదివిన పక్క షాపు మెకానిక్ పరిగెత్తుకొచ్చి నన్ను చూసి నిలబడిపోయాడు. దగ్గరికొచ్చి నా చెయ్యి గిల్లి చూశాడు.

జూన్ 21
కథ అచ్చయిందనీ, నేను బతికే ఉన్నాననీ చెప్పాల్సినవాళ్ళు:
పెద్దక్క. ముందు రెండోది చెప్పాలి.
బావగారు. గట్టిగా చెప్పాలి, వినపడదు.
పిన్ని, పిన్ని కోడలు.
బావమరిది. మొదటిది చెబితే చాలు.
తమ్ముడు. మాటల్లేక ఏళ్ళయింది. రేపు కాదు, ఇవాళే.