గెడ్డకు గుడి కట్టిన వాన నీటి రుసుము

వాన నీటి రుసుముల అధికారి గారి సముఖమునకు,

విశాఖపట్నం పాత నగరంలో గెడ్డ ఒడ్డున కాపురమున్న హమీదా బేగం, రిటైర్డు తెలుగు పండితురాలు, వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: వాన నీటి కాలువల బాగుకై విధించిన కొత్త రుసుము – పూడికకు బదులు గడ్డి తీయుట – నా భర్త మంచము – గూర్చి.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించునది ఏమనగా:

1. రుసుము విధించుట పట్ల నాకు అభ్యంతరము లేదు. తమరు ఇంటింటికీ పంచిన కరపత్రమును శ్రద్ధగా చదివితిని. కప్పు, సిమెంటు నేల ఎంత ఎక్కువైతే రుసుము అంత ఎక్కువ. ఎందుకనగా అక్కడ పడిన వాన నేలలో ఇంకక వీధిన పడును. ఈ సొమ్ముతో కాలువలు బాగుచేయుదురు. న్యాయమైన మాటే. వాన ఇచ్చేది దేవుడు, దాన్ని సాగనంపేది మనుషులు. పనికి కూలి ఇవ్వాలి.

2. అయితే పై వీధి అపార్టుమెంట్ల వారు కూడా తమ కప్పుల మీది నీటికి రుసుము చెల్లించుచున్నారు. ఆ నీరు మాత్రము మా ముందు గదిలో బస చేయుచున్నది. డబ్బు మీ ఆఫీసుకు, నీళ్ళు మా ఇంటికి. చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చి, రెండు పూటలుండి, బురద వదిలిపోయే ఈ చుట్టాలకు సత్రం నడుపుతున్నందుకు నాకే అద్దె రావలెను గాని, నా మీద రుసుమా?

3. ఈ బసకు కారణము మా గెడ్డ పూడిపోవుట. తమరు ఈ ఊరికి కొత్తని విన్నాను గనుక మనవి: కొండ మీది వాన నీటిని సముద్రానికి చేర్చే వాగును మేమిక్కడ గెడ్డ అంటాము. "గెడ్డలో పూడిక తీయించ ప్రార్థన" అని వేసవిలో అర్జీ పెట్టుకొంటిని. తమ కార్యాలయములో ఎవరో నా తెలుగు మీద జాలిపడి, ఎర్ర సిరాతో దిద్ది, "గడ్డి తీయించుట" అని పనికి ఉత్తర్వు ఇచ్చిరి. మా గెడ్డకు ఎత్వం పీకేసి, చివర గుడి కట్టారు. గుడి కట్టినందుకు నాకేమీ అభ్యంతరం లేదు. పూడిక మాత్రం అలాగే ఉంది.

4. గత వారము సదరు ఉత్తర్వు చేత పట్టుకొని మేస్త్రీ సత్యం మనుషులతో వచ్చి, గెడ్డ గట్టు మీది గడ్డిని పెళ్ళికొడుక్కి క్షవరం చేసినంత నున్నగా కోయించినాడు. నేను అడ్డుపడితిని. జరిగిన సంభాషణ యథాతథముగా:

"ఒరే సత్యం, పూడిక గెడ్డలో ఉంటే గట్టు గొరుగుతావేటిరా?"

"నానేటి సేత్తాను టీచరమ్మా! కాయితం మీద గడ్డి అనుంది, గడ్డి కోసీసినాం. గెడ్డ అనుంటే గెడ్డలోనే దిగుదుం."

"ఇది గెడ్డని నీకు తెలీదా? సిన్నప్పుడు ఇందులోనే ఈదీవాడివి గదరా!"

"నాకు తెలుసు. కాయితానికి తెల్దు గదా?"

అంతలో పక్కింటి సీతాలు చేపల బుట్ట అరుగు మీద దించి, "పోన్లెండి టీచరమ్మా! ఎలాగూ కోసీసారు, ఆ గడ్డేదో ఆపీసోళ్ళకే పంపీండి. ఆళ్ళకి అలవాటే గదా!" అన్నది.

ఈ మాటను నేను సమర్థించుట లేదు. ఖండించుటయు లేదు.

5. నా భర్త గులాం మొహమ్మద్ ఈ చుట్టుపక్కల వీధులన్నిటికీ పరుపులు కుట్టిన మనిషి. పక్షవాతం వచ్చి ముందు గదిలో మంచాన ఉన్నారు. తడిసిన దూది ఆరదు కాబట్టి ఆయన ఇప్పుడు రెక్సిను షీటు మీద పడుకుంటున్నారు. వాన వానకీ మంచం కోళ్ళ కింద ఇటుకలు పెంచుతున్నాము. మొన్నటి వానకు నీరు మంచం పట్టెను తాకింది. "ఇంకో ఇటుక పెట్టీ హమీదా, నాను పైకి పోడానికి ఎంతో దూరం లేదు" అని ఆయన నవ్వారు. అయ్యా, ఆయనకు కాళ్ళు కదలవు. నీళ్ళు లేస్తాయి, ఆయన లేవలేరు. దీన్ని మీ శాఖలో ఏ పేరుతో పిలుస్తారో నాకు తెలియదు.

కావున తుఫాన్ల కాలం రాకముందే గెడ్డలో పూడిక తీయించి, ఆ పిమ్మట రుసుము అడగవలసినదిగా కోరుచున్నాను. ఈసారి ఉత్తర్వులో 'గ'కు ఎత్వము, 'డ'కు 'డ' వత్తు ఇచ్చిన చాలును. అంతకు మించి అలంకారాలు వద్దు.

ఈ అర్జీని దిద్దకుండా చిత్తగించవలెను.

తమ విధేయురాలు (వాన పడనంత వరకు),
హమీదా బేగం

తా.క.: రుసుము కట్టనని నేను ఎక్కడా అనలేదు. వసూలుకు మనిషిని పంపండి. కాకపోతే మంచి జడివాన రోజు చూసి పంపండి. ఇక ఇటుకలతో ఆగదు, మంచాన్నే ఎత్తి సీతాలు ఇంటి ఎత్తు అరుగు మీదికి చేర్చాలి. ఒక కోడు నేను పట్టుకుంటాను, ఒకటి మా మనవరాలు అనమ్, ఒకటి సీతాలు. నాలుగో కోడుకు మనిషి లేరు.